జీపు కింద ముగ్గు

యుద్ధగాథ చెబుతాను. అందులో కొండ ఉంది, ఎండ ఉంది, పైఅధికారి ఆజ్ఞ ఉంది, దాన్ని ధిక్కరించిన కుర్రాడు ఉన్నాడు. శత్రువు మాత్రం లేడు. నిజం చెప్పాలంటే ఇది ఒక పాత జీపు, పన్నెండు మంది కాలేజీ క్యాడెట్ల కథ. ఇరవై ఆరేళ్లకే నన్ను మాజీ సైనికుణ్ణి చేసిన మోకాలి దెబ్బ కూడా యుద్ధంలో తగిలింది కాదు. జాకీ జారింది.

డెబ్బైల్లో ఒక మే నెల. ఉదయం అయిదూ నలభైకి తిరుపతి స్టేషన్లో దిగాను. ఒక ఇనుప పెట్టె, ఒక హోల్డాల్, పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్న ఒక సంచి. ఆజ్ఞ: మోకాలు పాడైన నన్ను సైన్యం నుంచి ఇంటికి పంపేముందు, చివరి రెండేళ్లూ కాలేజీ క్యాడెట్లకు బండి నడపడం, చూసుకోవడం నేర్పాలి. మా ఊరు వడమాలపేట. దేశమంతా తిప్పి, ఇంటికి బస్సులో గంట దూరాన దించారు. సాహసయాత్ర అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

క్యాడెట్ల జీపు ఉండే షెడ్డుకు పెద్ద ఒక సుబేదారు, పలమనేరు మనిషి. జీపు చూపించాడు.

"ఆర్నెల్లల్లో రెండు క్లచ్ ప్లేట్లు తినేసినారప్పా. ఇంగొక్కసారి ఇది దారిలో నిలబడిందంటే పాత ఇనుముకే. క్లాసూ మూసేస్తా."

"నిలబడదు సాబ్."

అప్పటికి నేను బానెట్ ఎత్తి చూడనే లేదు.

క్లాసు మూస్తే క్యాడెట్లలో అందరికంటే నష్టపోయేవాడు నగరి కుర్రాడు. చేనేత ఇంటివాడు. లైసెన్సు వస్తే లారీ ఎక్కుతాను, రాకపోతే మళ్లీ మగ్గం గుంతలో దిగుతాను అని వాళ్ల నాయనకు మాటిచ్చి వచ్చాడు.

నా పాఠంలో బ్రహ్మరహస్యాలు లేవు. పొద్దున అయిదున్నరకు, ఇంజను చల్లగా ఉండగానే నీళ్లు, నూనె, చక్రాల గాలి చూడాలి. స్టార్టు చేయగానే రేజ్ చేయకూడదు. గేరు మార్చాక క్లచ్ మీంచి కాలు తీయాలి. అది కాలు పెట్టుకునే పీట కాదు. కొండ ఎక్కిన గేరులోనే దిగాలి. సాయంత్రం జీపు కింద ఊడ్చి ముగ్గుపిండి చల్లాలి.

"ముగ్గేసేదానికా ఉస్తాద్ మేము సేరింది?" అన్నాడు నగరి కుర్రాడు.

"నువ్వు పిండి సల్లబ్బా. ముగ్గు జీపే ఏస్తాది."

వేసింది. మొదటి వారం పెళ్లివారి వాకిలిలా నిండా నూనె కారిన నల్లటి చుక్కలే. ఏ చుక్క ఎక్కడిదో వెతికి, బిగించాల్సినవి బిగించాం. మూడో నెలకు పిండి తెల్లగానే మిగిలింది.

సుబేదారు ఆయుధపూజ నాడు పరీక్ష పెట్టాడు. ఆరూ పదికి బయలుదేరి తిరుమల ఘాటు ఎక్కి దిగాలి, మధ్యలో ఆగకూడదు. స్టీరింగు దగ్గర నగరి కుర్రాడు. ఎదురుగా, రేడియేటర్ ముందున్న జాలీ మొత్తం మూసుకుపోయేలా, సుబేదారు స్వయంగా కట్టిన మోచేతి లావు బంతిపూల దండ.

"గాలి యాడనుంచి పోతాది సాబ్? సగం దూరంలోనే ఉడికిపోతాది," అన్నాడు నగరి కుర్రాడు.

"దేవుడి పేరు సెప్పి కట్టింది రా. తాకినావంటే ఈడే ఫెయిలు!"

అటెన్షన్‌లో నిలబడ్డాను. అంటే, ఏమీ చేయలేదు.

వాడు దిగాడు. దండ విప్పాడు. రెండు చేతుల్తో ఎత్తి సుబేదారు మెడలో వేశాడు.

"మీరూ కొండకేగా సాబ్ వచ్చేది. దండా వస్తాది."

కింద పడేస్తే పాపం. తీసి పక్కన పెట్టడానికి జీపులో చోటు లేదు. సుబేదారు అలాగే ఎక్కి కూర్చున్నాడు. దారిలో నడిచి వెళ్తున్న ఇద్దరు ముసలమ్మలు ఆయనకు దండం పెట్టారు. ఆయన కూడా పెట్టాడు.

జీపు ఉడకలేదు. దిగేటప్పుడు ఆయన చివరి అస్త్రం తీశాడు.

"ఇంజను ఆపి న్యూట్రల్లో పోనీరా. పెట్రోలు మిగుల్తాది."

"పెట్రోలు మిగుల్తాది సాబ్. బ్రేకులు మిగలవు."

రెండో గేరు. కింది దాకా రెండో గేరే. సుబేదారు దండలోంచి ఒక్కో పువ్వూ తుంచుతూ కూర్చున్నాడు. క్లాసు మూయలేదు. నగరి కుర్రాడు లారీ ఎక్కాడు.

రెండేళ్లు నిండాక నా పెట్టె తీసుకుని వడమాలపేట బస్సెక్కాను. వీరుడి పునరాగమనానికి కిటికీ సీటు కూడా దొరకలేదు. కానీ ఆ ఉదయం షెడ్డులో చూసింది మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. జీపు కింద తెల్లటి పిండి. దాని నడుమ ఒకే ఒక్క చుక్క. అక్కడ గొంతుక్కూర్చుని, చుక్కను వేలితో అద్ది వాసన చూస్తున్న సుబేదారు.

"నూనె కాదప్పా," అన్నాడు. "నీళ్లే."

రేడియేటర్ అడుగున ఉండే కుళాయి వాషరు అరిగింది. తోలుది తీసేసి రబ్బరుది వేస్తే సరిపోతుంది.