బాలకిషన్ ఇత్తడి గాజు

మా బాలకిషన్ జేబులో పెన్ను ఉండదు, దువ్వెన ఉండదు, ఇత్తడి గాజు ఉంటుంది. ఎవరి కంప్యూటర్ కనబడినా సరే, తెర మీద గుండ్రటి గడియారం బొమ్మ తెరిచి దానికి ఆ గాజు ఆనించి చూస్తాడు. సరిపోతే "పక్కా" అంటాడు. గడియారం కాస్త కోడిగుడ్డులా సాగినా ఆయనకు ముద్ద దిగదు.

మేనల్లుడి పెళ్ళిచూపులకని ఒకసారి కార్వాన్ బస్తీకి వెళ్ళాడు. తిరిగొచ్చాక భార్య చంద్రమ్మ అడిగింది.

"పిల్ల ఎట్లున్నది?"

"పిల్లనా? నేను మానిటర్ చూసిన. మస్తు సాగి ఉండె, మంచిగ చేసొచ్చిన."

గౌలిపురలో ఒక ట్రస్టు నడిపే పశువుల దవాఖానలో నేను డాక్టర్ని, ఆయన స్టోర్ కీపర్. సుశీలమ్మ బర్రెల టీకా వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించేది. ఆ ప్రోగ్రామును తొంభై తొమ్మిదిలో ఎవరో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద రాసిపెట్టి వెళ్ళారు. 2008లో ఆ కంప్యూటర్ ప్రాణం విడిచింది. వెడల్పాటి తెరతో కొత్తది వచ్చింది. దానికీ పాత లినక్స్‌కీ అస్సలు పొసగలేదు. బాలకిషన్ ఊరుకుంటాడా? కొత్త కంప్యూటర్ లోపలే వర్చువల్ మెషీన్ అని ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టించి, పాత లినక్స్ చేత అందులో కాపురం పెట్టించాడు.

తెర మాత్రం పేచీ పెట్టింది. పాత లినక్స్‌కు చిన్న తెరే అలవాటు. దాన్ని వెడల్పు తెర నిండా లాగేసరికి అక్షరాలు బర్రెల్లా బలిశాయి, గడియారం కోడిగుడ్డయింది. బాలకిషన్ సెట్టింగుల ఫైలు తెరిచి, సరైన తెర కొలతలు రాసి, మధ్యాహ్నానికల్లా గుండ్రం చేశాడు. అక్షరాలు కూడా సన్నబడ్డాయి. గాజు ఆనించి "పక్కా" అన్నాడు.

నాలుగు రోజులకు ఎల్లేష్ తన బర్రెను తోలుకొని లొల్లికి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, మొన్ననే గద సూది ఏస్తిరి! మల్ల రమ్మని చీటీ ఏంది? నా బర్రె నా మీదనే గుస్స అయితున్నది!"

సుశీలమ్మ తెరకు ముక్కు ఆనించినంత పని చేసి చూసింది. "బర్రె నంబర్ల మూడు అనుకోని ఎనిమిది కొట్టిన సార్," అంది మెల్లగా.

మర్నాటికి తెర మళ్ళీ సాగిపోయింది.

"ఇదేమిటి బాలకిషన్?" అన్నాను.

"కరాబైంది డాక్టర్ సాబ్. పాత లినక్స్ గదా, జర మొండిది. చూస్తున్న."

అలా ఎనిమిది నెలలు చూశాడు. ఈలోగా బస్తీలో ఎవరి తెర సాగినా వెళ్ళి గుండ్రం చేసి వచ్చాడు. మా దవాఖానలో మాత్రం కోడిగుడ్డు అలాగే ఉండిపోయింది.

ఒక శుక్రవారం ట్రస్టు కార్యదర్శి జగన్నాథరావు గారు వచ్చి ఆ తెర చూసి మండిపడ్డారు.

"ఊరందరి తెరలూ బాగుచేస్తావు, మన తెర చేతకాదటయ్యా? సోమవారానికి ఇది గుండ్రం కాకపోతే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. టైపింగు కూడా వాళ్ళే చేసుకుంటారు. సుశీలమ్మ గారు ఇంటికెళ్ళొచ్చు."

సుశీలమ్మ రిటైర్మెంటుకు ఇంకా ఆరు నెలలుంది. ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

బాలకిషన్ వల్ల కాకపోతే నేనే చూద్దామని, ఆయన లేనప్పుడు ఆ సెట్టింగుల ఫైలు తెరిచాను. సరైన కొలతలు రాసిన వరస అక్కడే భద్రంగా ఉంది. కాకపోతే దాని ముందు ఒక హ్యాష్ గుర్తు (#) ఉంది. ఆ గుర్తు ఉన్న వరసను కంప్యూటర్ చదవకుండా దాటేస్తుందని నాకు నేర్పింది బాలకిషనే. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "అక్కకు చిన్న అక్షరాలు కనిపిస్తలేవు. రిటైర్ అయ్యేదాక దీన్ని ముట్టొద్దు."

ఆ ప్రోగ్రాములో అక్షరాలు పెద్దవి కావాలంటే తెరను సాగదీయడం తప్ప వేరే దారి లేదు. గుండ్రం కాని గడియారాన్ని చూస్తే అన్నం సహించని మనిషి ఎనిమిది నెలలుగా దాని ఎదుటే కూర్చుని అన్నం డబ్బా విప్పుతున్నాడు. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఫైలు మూసేసి, నోరు కూడా మూసుకున్నాను.

సోమవారం కార్యదర్శి గారు వచ్చీ రాగానే, "ఏదీ, నీ గాజు పెట్టు," అన్నారు.

సుశీలమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. బాలకిషన్ జేబులోంచి గాజు తీసి గడియారానికి ఆనించాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"చూడుండ్రి సార్. పక్కా!"

"నాకు సాగినట్టే కనిపిస్తోందేమిటయ్యా?"

"తెర కొత్తది గద సార్. కండ్లకు జర అలవాటు కావాలె."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "సరే, గాజుకన్నా నాకెక్కువ తెలుసా," అని వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాను ఆ గాజును. అది కూడా కోడిగుడ్డే!

"దర్వాజ సందుల పెట్టి ఒత్తిన డాక్టర్ సాబ్," అన్నాడు బాలకిషన్ నేలచూపులు చూస్తూ.

ఆరు నెలలకు సుశీలమ్మ రిటైరైంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి దండ తెప్పించాం. ఆ దండ మెడలో పడీ పడగానే బాలకిషన్ వెళ్ళి హ్యాష్ గుర్తు తీసేశాడు. గడియారం గుండ్రమైంది. అలవాటుకొద్దీ గాజు ఆనించాడు. కుదిరితేగా!

సుశీలమ్మ కొంగుముడి విప్పి, కొత్త ఇత్తడి గాజు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇగ దీంతోని చూస్కో తమ్మీ. ఆ సొట్టది నాకియ్యి."

"సొట్టది నీకెందుకక్కా?"

ఆవిడ దాన్ని చేతికి ఎక్కించుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వింది.

"మనిషి మణికట్టు గుండ్రంగ ఉంటదా ఏంది? చేతికైతే ఇదే పక్కా."