ఉలవల గుర్రపుదండు

“నా గుర్రపుదండు యాడమ్మా?”

“కుండలో ఉడుకుతాండాది మామా.”

“శత్రువులు?”

“మిరపకాయలు గదా. వాటిని గూడా దంచి ఆ కుండలోనే వేసినా.”

“మూడు దినాలు మోకాళ్ల మీద కూసోని పేర్చినామే! యుద్ధమంటే నీకు ఆటగా ఉండాదా?”

“కరువు కాలంలో గింజలు నేల మీద పోసుకొని ఆడుకుంటాండేది మీరు. అరిచేది నా మీదనా?”

కొత్త కోడలు మామతో అలా మాట్లాడే కాలం కాదు అది. అయినా నోరు ఆగలేదు. ఇప్పటికీ ఉలవలు ఉడికే వాసన తగిలితే చాలు, స్వాతంత్ర్యం రాకముందటి ఆ సాయంత్రపు కొట్లాట మాట మాటా వినిపిస్తుంది. ఒక్కదాన్నే పొయ్యి ముందు నవ్వుకుంటాను. “అవ్వ నవ్విందంటే ఇంట్లో ఉలవలు ఉడికినట్టే” అంటారు మనవరాళ్లు.

మా మామ యుద్ధాల చరిత్ర రాసేవారు. కర్నూలుకు పడమర మా పల్లెలో, చర్చి పక్కనున్న మట్టిమిద్దెలో కూర్చుని రాసేవారు. ఆయన తండ్రి పటాలంలో గుర్రాల కాపరి. గుర్రాలు ఎక్కడికి పోతే కుటుంబమూ అక్కడికే. మామ పుట్టింది కూడా ఏదో లాయం వెనకనేనట. తల్లి ఆయన్ని గడ్డిమోపుల మధ్య పడుకోబెట్టి లాయం ఊడ్చేదట. పటాలం బడిలోనే చదువు నేర్చి, తానూ సిపాయి అయి, మొదటి మహాయుద్ధంలో సముద్రం దాటి ఇరాకులోని బస్రా దాకా పోయారు. కుంటికాలుతో, పెట్టె నిండా నోటు పుస్తకాలతో తిరిగివచ్చారు. “దొరలు రాసిన పుస్తకాల్లో దొరల పేర్లే ఉండాయమ్మా. మనోళ్లు యాడ నిలబడినారో ఒక్కరూ రాయలేదు. నేను రాస్తా” అనేవారు. నేను మిషను బడిలో రెండో తరగతితో ఆపినదాన్ని. అయినా రాసిన ప్రతి పేజీ నాచేత చదివించేవారు. నేను తడబడిన చోటల్లా కొట్టేసి మళ్లీ రాసేవారు. “నీకు తెలిస్తే ఊరికంతా తెలిసినట్టే” అనేవారు. అది పొగడ్తో ఎగతాళో నేను అడగలేదు.

ఆ వారం వేంపల్లె నుంచి ఆయన పాత జతగాడు హుసేన్ సాయిబు వచ్చారు. బస్రా దగ్గర పెద్ద పోరు జరిగిన నాడు గుట్ట మీద నుంచి జెండాలతో సైగలు చేసింది ఆయనే. మైదానమంతా చూసినవాళ్లలో ఆయనొక్కరే మిగిలారు. ఆయన కళ్లకూ పొర కమ్ముతోంది. ఇద్దరూ నడిమింట్లో మామ తలగుడ్డను ఏరుగా పరిచారు. జొన్నలు మన సిపాయిలు, ఉలవలు గుర్రపుదండు, చింతగింజలు ఫిరంగులు, ఎండుమిరపకాయలు శత్రువులు. “అరే భాయ్, గుర్రాల్ని ఏట్లో ముంచేస్తాండావు, ఈ పక్కకు జరుపు!” అని సాయిబు అరవడం, మామ వేలితో గింజలు జరపడం. మూడు రోజులు నేను వాటి చుట్టూ ఊడ్చాను. నాలుగో రోజు సాయిబు బండెక్కారు, మామ సాగనంపడానికి పోయారు. పని అయిపోయిందనుకున్నాను. జొన్నలు చేటలోకి, ఉలవలు కుండలోకి ఎత్తేశాను. అదంతా కాగితం మీదికి ఎక్కించడం ఇంకా మొదలే కాలేదని నాకేం తెలుసు?

కొట్లాట అయ్యాక ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. “ఆ అధ్యాయం లేకుంటే పుస్తకమే లేదమ్మా. మళ్లా వచ్చేసరికి హుసేనుకు చూపు ఉంటాదో లేదో” అన్నారు మెల్లగా. నా కోపమంతా దిగిపోయింది. సంగటి, ఉలవచారు వడ్డించాను. తినకుండా లేస్తారనుకున్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “శానా కారంగా ఉండాది. శత్రువే గెలిచినాడు” అన్నారు. ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

ఇవాళ్టికీ ఎవరింట విందుకు పోయినా ముందు వంట దగ్గరికి పోయి, వండిన మనిషి పేరు అడిగి వచ్చాకే విస్తరి ముందు కూర్చుంటాను. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలంటే ఆ మరునాటి పొద్దు గురించి చెప్పాలి.

మామ లేచేసరికి తలగుడ్డ మళ్లీ పరిచి ఉంది. మూడు రోజులు చుట్టూ ఊడ్చిన చేతికి ప్రతి కుప్పా తెలుసు. ద్వారబంధానికి మూరెడు దూరంలో ఫిరంగులు, తిరగలి పక్కన గుర్రాలు. గుర్రాల కోసం డబ్బా అడుగున మిగిలిన ఉలవలు తీశాను. మామ వంగి అంతా చూసుకున్నారు. “సరిగ్గా ఉండాదమ్మా!” అంటూనే, గుర్రాల వెనక నేను పోసిన గుప్పెడు జొన్నల దగ్గర ఆగారు.

“ఇవి యాడివి? హుసేను ఈడ ఏమీ పెట్టలేదే?”

“గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టినోళ్లు మామా. నిన్న ఒక్క కుండకే నాకు నడుము పడిపాయ. అన్ని గుర్రాలకు ఎవురో ఒగరు ఉడకబెట్టింటారు గదా?”

మామ గోడకు ఆనుకుని కూర్చుని కొత్త కాగితం తీశారు. పైన ‘గుర్రాల కాపరులు’ అని రాశారు. దాని కింద, గుర్తొచ్చిన పేర్లు ఒక్కొక్కటే పైకి చెబుతూ, ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా రాస్తూనే ఉన్నారు. నేను ఆ రోజు నడిమిల్లు ఊడవలేదు.