చుక్క నూనె గారెలు

ఒక మనిషికి ప్రాణమైన వంటని, ఆ మనిషి ప్రాణం కోసమే మార్చి పెడితే, అప్పుడాయన తినేది తనకిష్టమైనదా, మనకిష్టమైనదా? చాలా ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతో పాటే వంటింట్లో తిరుగుతోంది. దీనికి జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మా మావయ్యగారు. మొన్న వానలు మొదలైన వారంలో ఆయన పోయారు.

పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే వెనక్కి వాలారట. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఉన్నాను. మావారు ఫోన్ చేసి, "నాన్న లేవట్లేదు. నువ్వొచ్చెయ్" అన్నారు. పోయారని అనలేదు. ఆటో బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, మధ్యాహ్నం ఆయనకి కొర్రన్నంలోకి ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను నేను. బీరకాయ ఉంది, పాలకూర ఉంది. ఇంటి ముందు చెప్పులు కుప్పగా కనబడేదాకా ఆ ఆలోచన ఆగలేదు.

మావయ్యగారు ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా పాకం వాసన వేసేదట. "ఆ నెలల్లో మీ అత్తయ్య నాకు వేరే స్వీటేం చేసేది కాదమ్మా. చొక్కా వాసన చూసుకోమనేది" అని చెప్పి నవ్వేవారు. నిజానికి అత్తయ్యగారు చేసేవారు. పాకం గారెలు ఆవిడ చేతి వంట. మినప్పిండి గట్టిగా రుబ్బి, నిండు బాణలిలో గారెలు వేయించి, ఆ వేడి మీదే బెల్లప్పాకంలో ముంచి సాయంత్రం దాకా ఊరనిచ్చేవారు. ఒక్కో గారె తడిసిన దూదిలా బరువుగా ఉండేది. నేను కాపురానికొచ్చిన కొన్నేళ్ళకే ఆవిడ వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మావయ్యగారికి గుండెలో స్టెంట్ వేశారు. షుగరు కూడా ఉందని అప్పుడే బయటపడింది.

ఆస్పత్రిలో డైటీషియన్ ఒక చార్టు ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "అన్నం ఒక కప్పు అని రాసింది. ఏ కప్పమ్మా? కాఫీ కప్పా, క్రికెట్ కప్పా?" అన్నారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మళ్ళీ ఒకసారి చూసి, "పాకం గారెలు ఇందులో ఎక్కడున్నాయి?" అని అడిగారు.

"లేవండీ."

"లేవా. సరే."

అంతే అన్నారు. గొడవ చేసుంటే నేనూ గట్టిగా ఉండేదాన్నేమో. ఆ "సరే" నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నేను చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని. పెళ్ళయ్యేనాటికి నాకు పప్పు, చారు తప్ప వంట రాదు. అలాంటిదాన్ని, ఆయనకి ఇష్టమైనవన్నీ నూనె, తీపి తగ్గించి చేయాలని పంతం పట్టాను.

మొదట్లో అన్నీ తప్పులే. ఓట్స్‌తో ఉప్మా చేశాను. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "విజయవాడలో సినిమా పోస్టర్లన్నీ దేంతో అంటిస్తారో ఇప్పుడు తెలిసింది" అన్నారు. అయినా పళ్ళెం ఖాళీ చేశారు. ఎందుకు తిన్నారండీ, వదిలేయొచ్చుగా అంటే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నన్ను పీడిస్తూనే ఉంది. "నాలుక అబద్ధం ఆడదమ్మా. మర్యాదకి ఊరుకుంటుంది, అంతే."

తర్వాత గారెలు. బాణలి పక్కన పెట్టి గుంత పొంగనాల పెనం తీశాను. ఒక్కో గుంతలో చుక్క నూనె, చెంచాడు పిండి, మీద మూత. మొదటి వాయి పైన మాడి లోపల పచ్చిగా దిగింది. రెండో వాయి రాళ్ళలా వచ్చింది. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుంది. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, "షాపుకి పట్టుకెళ్తాను. బేరింగుల్లో కలిసిపోతాయి" అన్నారు. మావయ్యగారు కొడుకుని కసిరారు. "నువ్వు షాపు పెట్టిన ఏడాది ఏం అమ్మావో నాకు తెలుసు. అమ్మాయిని చేయనీ" అన్నారు.

అప్పట్నుంచి ఆయన కూడా వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. వెల్లుల్లి రెబ్బలు వలుస్తూ ఇవాళ పిల్లలకి ఏం చెప్పావని అడిగేవారు. నేను రాజుల గురించి చెబితే ఆయన ఆ కాలంలో చెరుకు పండేదా అని అడిగేవారు. పిండిలో గుప్పెడు పెసరపప్పు కలిపితే గుల్లగా వస్తుందేమో చూడమన్నది ఆయనే. చూశాను, వచ్చింది. పాకం దగ్గర మాత్రం ఆయన లేచి నిలబడేవారు. బెల్లం సగానికి తగ్గించి, నీళ్ళలా పలుచగా కాచి, యాలకులూ శొంఠీ దండిగా వేసి, చిటికెడు ఉప్పు. "సగం తీపి ముక్కే తినేస్తుందమ్మా. మిగతా సగం నాలుకకి పెడితే చాలు" అనేవారు. గారెలు అందులో ఊరబెట్టం. తినే ముందు ఒక్కసారి ముంచి తీసేస్తాం, అంతే.

అలా మా ఇంట్లో ఒక్కొక్కటీ మారింది. గుత్తివంకాయలు ముందు ఆవిరి మీద ఉడికించి, తర్వాత రెండు చెంచాల నూనెలో మగ్గించడం అలవాటైంది. ముద్దపప్పు మీద నెయ్యి గరిటెతో కాక వేలికొసతో వేసేదాన్ని. ఆవడల్లోకి వెన్న తీసిన మజ్జిగ. మా అందరికీ అదే వంట. "నాకు పథ్యం గానీ మీకెందుకమ్మా? మీరు మామూలుగా తినండి" అని ఆయన అన్నారు. నేను వినలేదు. ఆయన ఎదురుగా కూర్చుని అవే నేనూ తినేదాన్ని. ఒకసారి కూరలో ఉప్పు తక్కువైందని నేను లేవబోతే, "కూర్చో. వడ్డించే మనిషి ఎదురుగా కూర్చుని తింటే, తక్కువైన ఉప్పు కనబడదు" అన్నారు. ఒక్క రోజు కూడా అత్తయ్యగారి వంటతో నా వంటని పోల్చలేదు. కొత్త కోడలిగా నేను భయపడ్డది ఆ ఒక్కదానికే. ఆయనకి నేను ఏం రుణపడ్డానంటే ముందు అదే చెబుతాను.

అయినా నాకు అనుమానం పోలేదు. తింటున్నప్పుడు ఆయన మొహం చూసేదాన్ని. కంచంలో మెతుకు వదలని మనిషి మనసులో ఏముందో కనిపెట్టడం చాలా కష్టం. వరి పండించిన ఇంట్లో పుట్టారు, కాకరకాయైనా జిలేబీ అయినా ఒకేలా ఖాళీ చేసేవారు. బాగుందా అండీ అంటే బాగుందనేవారు. పోయిన ఉగాదికి ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఇవాళ ఒక్కరోజుకి అత్తయ్యగారిలా చేయనా? నిండా నూనె పోసి, పాకంలో ఊరబెట్టి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "ఎందుకమ్మా. అలవాటైపోయిందిగా" అన్నారు.

ఆ మాట విని ఆ పూట సంతోషించాను. సాయంత్రానికి ఆ సంతోషం పోయింది. అలవాటైందంటే ఇష్టమైందనా, ఆశ వదిలేశాననా? మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఇంకో మర్యాద మాట వస్తుందని నాకు తెలుసు.

మైల తీరేదాకా ఇంట్లో నూనె బాణలి పెట్టకూడదని పెద్దవాళ్ళంటారు. మా ఇంట్లో బాణలి పొయ్యెక్కి ఎలాగూ చాలా కాలమైంది. పెద్దకర్మ రోజు మాత్రం పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి. గుడివాడ నుంచి మా వదిన, అంటే మావయ్యగారి అమ్మాయి, ముందు రోజే వచ్చింది. పొద్దున్నే మినప్పిండి రుబ్బి, అటకమీంచి వాళ్ళమ్మ బాణలి దింపించి కడిగింది.

"ఇవాళైనా నూనెలో వేయిద్దాం. ఇన్నాళ్ళూ ఎలాగూ పెట్టలేదు" అంది.

"పెట్టకూడదు కాబట్టి పెట్టలేదు వదినా."

"తెలుసులేమ్మా. నిన్నేమన్నాను ఇప్పుడు?" అంటూనే ఆకు మీద గారె తట్టి మధ్యలో చిల్లు పెట్టింది. అచ్చం అత్తయ్యగారి వేలు తిరిగినట్టే తిరిగింది. "నాన్న మా ఇంటికొస్తే నేను ఇలాగే వేయించి పెట్టేదాన్ని. నీకు చెప్పొద్దనేవారు. ఒకసారి ఏమన్నారో తెలుసా? 'అక్కడ పెట్టేవి గారెలు కావే, గారెల ఫొటోలు' అన్నారు."

చెప్పి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చి, పిండి అంటిన చేతిని పక్కకి చాపి భుజంతో కళ్ళు తుడుచుకుంది.

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. ఆ ఫొటోల మాట ముమ్మాటికీ ఆయనదే, ఇంకెవరికీ అలా అనడం రాదు. కానీ నాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. గుడివాడ నుంచి వచ్చిన ప్రతిసారీ నాతో ఒకటే మాట అనేవారు. "మీ వదిన పాపం కష్టపడి వేయించి పెట్టింది. తిన్నదగ్గర్నుంచి గుండెల్లో మంట. మనవే నయమమ్మా." నాకు చెప్పొద్దని కూతురితో, కూతురికి చెప్పొద్దని నాతో. ఆధారం లేనిదే దేన్నీ నమ్మొద్దని తరగతిలో చెబుతూ ఉంటాను. ఇక్కడ రెండు సాక్ష్యాలున్నాయి, రెండూ ఒకే మనిషి ఇచ్చినవి, ఒకదానికొకటి పొసగవు.

ఆయన నాతో అన్న మాట వదినకి చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. ఆవిడ బాణలి ముందు కూర్చున్న తీరు చూసి మింగేశాను. వాళ్ళమ్మ పోయాక తండ్రికి ఆవిడ చేసి పెట్టగలిగింది అదొక్కటే మరి.

వదిన నా మొహం చూసినట్టుంది. "సరదాకి అన్నారులే" అంది. వేగిన గారెలు తీసి పాకంలో వేసింది. తర్వాత గిన్నెలో మిగిలిన పిండి నా వైపు జరిపింది. "నీ పెనం మీద కూడా ఒక వాయి వెయ్యి. రెండూ పెడదాం. ఎవర్నీ కాదనే మనిషి కాదుగా ఆయన."

విస్తట్లో రెండూ పెట్టాం. ఒకవైపు చిల్లు గారెలు పాకంలో మునిగి మెరుస్తున్నాయి. రెండోవైపు నావి, ఉండల్లా, పొడిపొడిగా. డాబా మీద పెట్టి అందరం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. కాకి వచ్చింది. రెండింటి మధ్యా నడిచి, అన్నం ముద్ద ముక్కున కరుచుకుని పోయింది. "అన్నం తీసుకుందిగా, చాల్లేమ్మా" అన్నారెవరో. వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వొచ్చింది మా ఇద్దరికే.

స్టెంట్ వేసిన తర్వాత ఆయన చాలా ఏళ్ళు బాగానే తిరిగారు. అవి నా వంట తెచ్చిన ఏళ్ళని మావారంటారు. మందుల వల్లేమో, బందరు కాలువ పక్కన ఆయన రోజూ నడిచిన నడక వల్లేమో, ఎవరు చెప్పగలరు? ఒకవేళ నా వల్లే అనుకున్నా, ఆ ఏళ్ళన్నీ ఆయన నోటికి ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఇష్టంగా తిన్నారో, నేను కష్టపడుతున్నానని తిన్నారో. ఒక్కోసారి రెండోదే నిజమనిపిస్తుంది. అప్పుడు ఆయన నా కోసం రోజూ చేసిన పని నేను ఆయన కోసం చేసినదానికంటే పెద్దదనిపించి, నాకు కలిగేది కృతజ్ఞతో సిగ్గో తేల్చుకోలేను. అది కూడా నా ఊహే కావచ్చు. ఫొటోల్నే ఆయన నిజంగా ఇష్టపడి ఉండొచ్చు. మనుషులు ఫొటోలు కూడా దాచుకుంటారు కదా.

పోయిన వారం మావారికి రక్తపరీక్ష చేయించాం. షుగరు అంచున ఉంది, ఇప్పట్నుంచే జాగ్రత్త పడమన్నారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టి ఆయన రెండు రోజులు దాని మాటే ఎత్తలేదు. ఈ ఆదివారం పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "మరి నాకు పథ్యం ఎప్పట్నుంచి?" అని అడిగారు. గొంతు నవ్వుతున్నట్టే ఉంది.

"మీకేది కావాలో చెప్పండి" అన్నాను.

"నువ్వు ఏది పెడితే అది" అన్నారు, అచ్చం వాళ్ళ నాన్నలాగే.

బాణలి పెట్టాలో పెనం పెట్టాలో నాకింకా తెలియడం లేదు. అప్పుడే మిక్సీ ఆపాను. గారెల పిండి సరిగ్గా మెదిగిందో లేదో చూద్దామని చిన్న ముద్ద తీసి నీళ్ళ గిన్నెలో వేశాను. అది కిందికి పోయి, మెల్లగా పైకొచ్చి, నీళ్ళ మీద అలా తిరుగుతూ ఉండిపోయింది. గుమ్మంలో ఆయన, గట్టు దగ్గర నేను, ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. పొయ్యి ఇంకా వెలిగించలేదు.