ఈసీ వాగు దగ్గర డేరా

అమ్మ పోయిన మూడో నెలలో నేనొక డేరా కొన్నాను. నాకు నలభై తొమ్మిదేళ్లు, బడి పంతులమ్మను. పదకొండేళ్లు అమ్మ మంచంలోనే ఉంది. పగలు నేను బడికి వెళ్తే పక్కింటి ఖాలా, నేను పిన్ని వరసలో అలా పిలిచే ఆవిడ, కనిపెట్టుకునేది. రాత్రుళ్లు నేను. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి అమ్మను పక్కకు తిప్పేదాన్ని. అన్నేళ్లలో ఒక్క రాత్రి కూడా ఇంకో చోట పడుకోలేదు.

అమ్మ పోయాక బంధువులు పిలిచారు, కొన్నాళ్లు తమ ఇంట్లో ఉండమని. వెళ్లలేదు. అలారం లేకపోయినా నాకు మెలకువ వచ్చేది. వాళ్లింట్లో చీకట్లో లేచి ఎవరి భుజం పట్టుకుంటానో అని భయం. అలాగని మా ఇంట్లోనూ ఉండలేకపోయాను.

శనివారం బడి అయ్యాక స్కూటీకి డేరా కట్టుకుంటుంటే ఖాలా గేటు దగ్గరికి వచ్చింది.

"వాగు కాడికి అకేలా, ఒక్కదానివే పోతవా? పాగల్ అయినవా ఏంది?"

"ఒక్క రాత్రే ఖాలా. రేపు పొద్దుగాల్నే వస్త."

"పాములుంటయి."

"మన గల్లీల లేవా?"

ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి ఫ్లాస్కులో చాయ్ పోసి తెచ్చింది. "ఫోన్ బంద్ పెట్టకు," అని మాత్రం అంది.

కొత్వాల్‌గూడ దాటి మట్టి బాట పట్టి చాలా దూరం వెళ్లాను. ఎండాకాలానికి హిమాయత్ సాగర్ నీళ్లు వెనక్కి తగ్గి, ఈసీ వాగు సన్నటి పాయగా మిగిలే చోటు అది. చుట్టూ చదునైన బయలు. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు దూరంగా హైవే. కరెంటు లేదు, నల్లా లేదు. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లే దిక్కు. నెత్తి మీద విమానాలు చక్రాలు దించుకుని పోతున్నాయి. వాటి కిటికీలు కూడా కనిపిస్తున్నాయి.

డేరా నిలబడలేదు. ఒక మేకు కొడితే ఇంకోటి ఊడుతోంది. అప్పుడే గొర్రెల మందను తోలుకుంటూ ఒకామె వచ్చింది. నా ఈడుదే. చేతిలో కర్ర, భుజాన గొంగడి. పాలమూరు దిక్కు నుంచి మేతకు వచ్చారని, ఆమె, ఆమె పెనిమిటి అక్కడే మంద పెట్టుకుని ఉంటున్నారని తర్వాత మాటల్లో చెప్పింది.

"ఏందక్కా, సర్వేకొచ్చినవా? ఈ జాగ గూడ అమ్మిండ్రా?"

"లేదు. పండుకునేటందుకొచ్చిన."

"ఇల్లు లేదా?"

"ఉంది."

"ఇంట్ల కొట్లాడినవా మరి?"

"కొట్లాడనీకె ఎవ్వరు లేరు."

ఆమె కర్ర పక్కన పెట్టి డేరా మూల పట్టుకుంది. "గాలి వాగు దిక్కుకెల్లి వస్తది. మూతి ఇటు తిప్పు," అంది. మేకుల మీద రాళ్లు పెట్టింది. డేరా నిలబడగానే గొర్రెల వెంట వెళ్లిపోయింది.

పొద్దు గూకాక ఖాలా ఇచ్చిన చాయ్ తాగి పడుకున్నాను. అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. చేయి పక్కకు చాస్తే వాగు గాలికి చల్లబడ్డ డేరా గుడ్డ తగిలింది. బయటికి వచ్చి కూర్చున్నాను. హైవే మీద లైట్లు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. అంతమంది ఎక్కడికో అక్కడికి పోతున్నారు. నేనిక్కడ ఉన్నానని ఖాలాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియజేయవలసిన వాళ్లు ఎవరున్నారా అని ఆలోచించాను. ఒక్క పేరూ తోచలేదు.

కాస్త దూరంలో, కుక్కలు మంద మీద పడకుండా గొర్రెలామె కూడా మేల్కొనే ఉంది. నన్ను చూసి వచ్చి పక్కన కూర్చుంది.

"నిద్ర వస్తలేదా?"

అప్పుడు చెప్పాను. డాక్టరుకు గానీ, ఖాలాకు గానీ చెప్పని మాట. చివరి రాత్రి అలారం మోగింది. విన్నాను. ఒళ్లు అలిసిపోయి ఉంది. ఈ ఒక్కసారికి ఏం కాదులే అని ఆపేసి పడుకున్నాను. తెల్లవారి చూస్తే అమ్మ చల్లబడిపోయి ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. నేను లేచి ఉంటే బతికేదేమో తెలియదు.

ఆమె గొంగడి మోకాళ్ల మీదికి లాక్కుంది.

"మా అత్త పోయిననాడు నేను మెలకతోనే ఉన్నక్కా. తల నా తొడ మీదనే ఉండె. నీళ్లు తాపుదామని వంగి సూస్తే లేదు. ఎప్పుడు పోయిందో నాకూ ఎరకలేదు." మంద దిక్కు చూస్తూ అంది, "మెలకతోనే ఉన్నగద, మల్ల."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె పక్కనే కూర్చుంది. గొర్రెలు కదిలిన చప్పుడైతే లేచి అటు వెళ్లింది.

కళ్లు తెరిచేసరికి ఎండ డేరా మీద కాస్తోంది. అంతసేపు నిద్రపోయానంటే నమ్మబుద్ధి కాలేదు. బయటికి వస్తే మంద లేదు. మూడు రాళ్ల పొయ్యిలో బూడిద, బురదలో డెక్కల గుర్తులు. పాలమూరు దిక్కున ఆమెది ఏ ఊరో కూడా నేను అడగలేదు.

డేరా మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. ఒక అంచు మీద నిలబడి ఇంకో అంచు లాక్కుంటూ ఎలాగో మడిచాను. సంచిలో పట్టక బయటే తాడుతో కట్టాను.

తిరిగి వస్తుంటే హైవే పక్క సర్వీసు రోడ్డు మీద మంద కనిపించింది. బండ్లన్నీ ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆమె అవతలి వైపు ఉంది. నన్ను చూసి కర్ర పైకెత్తి గట్టిగా ఏదో అంది. లారీ హారన్‌లో వినపడలేదు. "ఏందీ?" అని అరిచాను. ఆమె మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు. దారి తెరుచుకోగానే వెనక బండ్లు నన్ను ముందుకు నెట్టేశాయి.

తర్వాత రెండుసార్లు వెళ్లాను. మంద రాలేదు. మూడోసారి వెళ్లేసరికి వానలు పడి వాగు నిండింది. డేరా వేసిన చోట నడుము లోతు నీళ్లు. ఒడ్డున కాసేపు నిలబడి, బండి తిప్పుకుని వచ్చేశాను.