మా ఆవిడ, పేరు తెలియని అబ్బాయి

మా ఆవిడ పోయిన సంగతి నాకంటే ముందు ఇంకొకావిడకి తెలిసింది. కాకినాడ ఆసుపత్రిలో నేను కింద మందుల షాపు దగ్గర చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాను. పైన మంచం పక్కన మా ఆవిడ ఫోను మోగింది. నర్సమ్మ ఎత్తింది. అవతలి మనిషి "అక్కకి ఎలాగుందమ్మా" అని అడిగితే, సొంత చెల్లెలనుకుని, ఇప్పుడే పోయారమ్మా అని చెప్పేసింది. నేను మెట్లెక్కి వెళ్లేసరికి ఆ ఫోనులోంచి ఏడుపు వినిపిస్తోంది. నాకు అలా తెలిసింది.

ఆ ఏడ్చినావిడ మాకు చుట్టం కాదు. నది అవతల కోనసీమలో ఒక ఊరు. ఆవిడ కొడుకు శవాన్ని మా ఆవిడ చూసింది. ఆ శవానికి పేరు వెతికి పెట్టింది. అదీ వాళ్లకీ మాకూ ఉన్న సంబంధం. అయినా ఆవిడకే ముందు తెలిసిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది.

చర్చి సంఘం పత్రికకి మా ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగారు. నాకు రాత అలవాటు లేదు. మా ఊళ్లో అయిదో తరగతి వరకే ఉండేది, అంతవరకే చదివాను. వంతెన రాకముందు యానానికీ ఎదుర్లంకకీ మధ్య నది దాటించే పంటు మీద టిక్కెట్లు కోసేవాణ్ణి. వంతెన వచ్చాక రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి వెళ్లాను. ఆవిడ యానాం పక్కన దరియాలతిప్పలో చిన్నపిల్లలకి చదువు చెప్పేది. ఆవిడ పక్కన నడుస్తుంటే అందరూ ఆవిడకే నమస్కారం పెట్టేవారు. నా పేరు తెలిసినవాళ్లు ఊళ్లో తక్కువ. టీచరమ్మగారి ఆయన అంటే అందరికీ తెలుసు.

పదేళ్లు దాటింది. ఒకరోజు ఆవిడకి క్యారేజీ ఇచ్చేసి అటునుంచి అటే చెరువు దగ్గరికి పోదామని సైకిలు మీద వెళ్లాను. బడికి కాస్త దూరంలో గట్టు మీద జనం మూగి ఉన్నారు. మడచెట్ల వేళ్లలో చిక్కుకున్న మనిషిని వేటకి వెళ్లినవాళ్లు ఒడ్డుకి తెచ్చారు. చేతులు వెనక్కి విరిచి నైలాను తాడుతో కట్టేసి ఉన్నాయి. పోలీసులు ఇంకా రాలేదు. ఆవిడ పిల్లల్ని లోపలికి తోలి, తలుపు గడియపెట్టి, గబగబా వచ్చింది. నా సైకిలు వెనక కాపలాకని కట్టుకున్న దుప్పటి లాగేసింది. నన్ను అడగలేదు. వెళ్లి కప్పింది.

నేను పొట్టివాణ్ణి. ఆ దుప్పటి నా కొలతది. తల కప్పితే కాళ్లు బయట ఉండిపోయాయి. ఆవిడ ఆ కాళ్ల దగ్గర కూర్చుని, పోలీసులు వచ్చేవరకూ ఈగలు తోలుతూనే ఉంది. ఆ రోజు నేను తెచ్చిన క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

హత్య కేసు రాశారు. పేపర్లో వేశారు. వయసు సుమారు ముప్పై అయిదు, నీలం గళ్ల చొక్కా, ఆచూకీ తెలిసినవారు తెలపగలరు. ఎవరూ రాలేదు. నది మా దగ్గరికి వచ్చేసరికి ఎన్ని ఊళ్లు దాటి వస్తుందో చెప్పలేం. ఇటు ఒడ్డు మా యానాం, అంటే పుదుచ్చేరి, అటు ఒడ్డు ఆంధ్రా. అక్కడ తప్పిపోయినవాడి కాగితం అక్కడ, ఇక్కడ తేలినవాడి కాగితం ఇక్కడ. కొన్నాళ్లకి మునిసిపాలిటీవాళ్లు తీసుకెళ్లి పాతిపెట్టారు. మా ఆవిడ వెళ్లింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు ఆ అబ్బాయిని తలిచింది. మర్నాడూ తలిచింది. ఏడాది తిరిగినా తలుస్తూనే ఉంది. మొదట ఆ అబ్బాయి, తర్వాత బడిపిల్లలు, తర్వాత రోగులు, ఆ తర్వాత నేను. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నన్ను ఆఖర్న పెడతావేం?"

"మీరు ఎదురుగా ఉన్నారు కదండీ. కనపడనివాళ్ల గురించి ముందు అడగొద్దూ" అంది.

బడిలో కూడా ఆవిడది అదే పద్ధతి. ఒక పిల్లాడు రెండు రోజులు రాకపోతే సాయంత్రం వాళ్లింటికి వెళ్లేది. "రాలేదని రాసేసి ఊరుకుంటే టీచరెందుకు, ఎందుకు రాలేదో కనుక్కోవాలి" అనేది. ఆ అబ్బాయిని కూడా బడికి రాని పిల్లాడిలాగే పట్టుకుంది. పొద్దున్నే పేపరు రాగానే నాకంటే ముందు తీసుకుని, కనబడుటలేదు అన్న ప్రకటనలు వెతికేది. రిటైరయ్యాక ఇంక పగ్గాల్లేవు. ఫోనులో ఇలాంటివాళ్ల గ్రూపు ఒకటుందని తెలుసుకుని అందులో చేరింది. ఒక రిటైరైన రైల్వే ఆయన, ఒక మందుల షాపు ఆయన, ఇంకెవరెవరో. ఒక్కొక్కళ్లకి ఒక్కో పేరులేని శవం. పట్టాల పక్కన దొరికినావిడ, కాలవలో దొరికినాయన. వీళ్లెవరికీ ఎవరూ చెప్పలేదు ఈ పని చెయ్యమని. భోజనాల వేళ కూడా ఆ ముచ్చట్లే. నా కంచంలో అన్నం అయిపోయిన సంగతి నేను చెబితే గానీ తెలిసేది కాదు.

ఆవిడ దగ్గర ఒక్కటే గుర్తు ఉంది. దుప్పటి చాలక బయట ఉన్న కాళ్లలో, కుడికాలి బొటనవేలూ పక్కవేలూ అతుక్కుని ఉన్నాయి. పేపర్లో ఆ సంగతి లేదు. ప్రకటన ఇచ్చిన ప్రతి ఇంటికీ ఫోను చేసేది. వేళ్ల సంగతి మాత్రం చెప్పేది కాదు. "మీ అబ్బాయి కాళ్లు ఎలా ఉండేవమ్మా" అని మాత్రం అడిగేది.

"ముందే చెప్పేస్తే తేలిపోతుంది కదా" అన్నాను.

"ముందు చెబితే ఆశ కొద్దీ అవునంటారండీ. ఇంకొకళ్ల బిడ్డని తీసుకెళ్లి ఏడుస్తారు" అంది.

పంటు మీద నాతో పనిచేసినవాడు ఒకడున్నాడు. టీ కొట్టు దగ్గర కనిపిస్తే వదిలేవాడు కాదు.

"ఏరా, మీ ఇంట్లో ఇంకో మగాడున్నాడంట?"

"నోరు ముయ్యి."

"ఈడు చూడండ్రా, సచ్చినోడి మీద కుళ్లుకుంటన్నాడు. ఆడికి అన్నం పెట్టక్కల్లేదు, బట్టలుతకక్కల్లేదు. నీకేటి నష్టం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నష్టమేమిటో నోటితో చెప్పడం నాకు రాదు. సాయంత్రాలు అరుగు మీద ఇద్దరం కూర్చుంటే ఆవిడ నా పక్కన ఉండేది కాదు, అంతే.

అలాంటి ఒక సాయంత్రమే ఆ ఫోను. ఆవిడ చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఫోను కింద పెట్టి పెద్దగా వినపడేట్టు నొక్కింది. అవతల కోనసీమ నుంచి ఒక తల్లి. కొడుకు తప్పిపోయినప్పుడు ఇరవై రెండేళ్లంట. పోలీసుల ప్రకటనలో ముప్పై అయిదన్నారు కాబట్టి ఇంకెవరైనా అయితే వదిలేసేవారు. ఆవిడ వదల్లేదు. నీళ్లలో నానిన మనిషి వయసు ఎవరికి తెలుస్తుంది అనేది. ఎప్పటిలాగే కాళ్లు ఎలా ఉండేవని అడిగింది.

అవతల ఆవిడ కాస్త నవ్వింది. "మావోడు అవాయి చెప్పులు ఏసుకోలేడండి. ఏళ్ల మజ్జన అది దూరదు. బెల్టు చెప్పులే కొనాలి. కొట్లో సిగ్గుపడిపోయేవోడు."

మా ఆవిడ నా మోకాలి మీంచి చెయ్యి తీసేసింది. రెండు చేతులతోనూ ఫోను పట్టుకుంది. తర్వాత "ఏ కాలమ్మా" అంది. కుడికాలు అందావిడ.

మర్నాడు స్టేషనుకి వెళ్లాం. అక్కడ హెడ్డు కానిస్టేబులు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"రండి టీచరుగారూ. మళ్లీ మనోడి గురించేనా?"

"మనవాడి గురించే. వాళ్లమ్మ దొరికింది."

"పాత కేసండీ. ఫైలు వెతకాలి, పైవాళ్లకి రాయాలి, అటు స్టేషనుకి రాయాలి."

"వెతుకు. నేను కూర్చుంటాను. నీకు ఎక్కాలు వచ్చేదాకా కూర్చోలేదూ?"

అతను నవ్వి లోపలికి వెళ్లాడు. నా వైపు తిరిగి "మీరూ కూర్చోండి మాస్టారూ" అన్నాడు. నేను మాస్టార్ని కాదు. అయినా కూర్చున్నాను. ఆ తర్వాత అలా ఎన్నిసార్లు కూర్చున్నామో. అప్పుడు శవం నుంచి తీసి దాచిన పన్నునీ, తల్లి రక్తాన్నీ పోల్చి చూశారు. కుదిరింది. ఆ అబ్బాయిని ఎవరు చంపారో కోర్టులో ఉంది కాబట్టి ఆ సంగతీ, అతని పేరూ ఇక్కడ రాయను.

పాతిపెట్టిన చోటికి తల్లి వచ్చింది. కొడుకు ఏదో ఊళ్లో పని చేసుకుంటున్నాడు, కోపం తగ్గితే వస్తాడు అని ఇన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి. మట్టి మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడవలేదు. "ఒంటి మీద ఏవన్నా కప్పారా అక్కా" అని అడిగింది.

"దుప్పటి కప్పామమ్మా."

"ఎవరిది?"

"మా ఇంట్లోదే" అంది మా ఆవిడ. నాది అనలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఇంక ఆవిడ నాకు మిగులుతుందనుకున్నాను. వెతకడం అయిపోయింది కదా. కానీ ఆ తల్లి రోజూ ఫోను చేసేది. ఈవిడ నెలకోసారి బస్సెక్కి వంతెన దాటి వాళ్లూరు వెళ్లేది. మందుల షాపు ఆయన దగ్గర్నుంచి ఇంకో శవం సంగతి కూడా పుచ్చుకుంది, ఎవరో ఆడపిల్లది. ప్రార్థనలో నేను ఇంకో మెట్టు కిందికి దిగాను.

ఈ ఏడు మా ఆవిడకి గుండె బలహీనమైంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాతో ఏమీ అనలేదు. దుప్పటి సర్దమంది, మంచినీళ్లు అడిగింది. భయంగా ఉందని ఆ తల్లితో ఫోనులో చెప్పిందట. అది నాకు సమాధి కార్యక్రమం రోజున తెలిసింది.

ఆ రోజు ఆ తల్లి తన మనుషుల్ని ఆటోలో వేసుకుని వచ్చింది. పెట్టె దగ్గర, తలవైపు కూర్చుంది. ఆ చోటు నాది. నేను కాళ్లవైపు నిలబడ్డాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆవిడనే ఓదార్చారు. అందరూ వెళ్లాక ఆవిడ నాకు గ్లాసుతో నీళ్లు తెచ్చి, కాస్త ఎడంగా కూర్చుంది. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"అమ్మా, మా ఆవిడ నా గురించి ఏమన్నా చెప్పేదా?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మీకు కారం పడదని చెప్పేవోరండి."

"అంతేనా?"

"అక్కకేమో కారవంటే పేనం కదండీ. మా ఇంటికొస్తే పండుమిరపకాయ పచ్చడి ఏసుకుని తినేవోరు. కళ్లంట నీళ్లు కారిపోతన్నా ఆపేవోరు కాదు. ఇంటికాడ ఎందుకు సేసుకోరక్కా అంటే, ఇద్దరవున్న ఇంట్లో రెండు కూరలెందుకే అనేవోరు."

మా ఆవిడకి కారం ఇష్టమని నాకు తెలియదు. పెళ్లయిన కొత్తలో నాకు కడుపులో పుండని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అన్నీ చప్పటి కూరలే. ఇద్దరికీ అదే ఇష్టమనుకుని తిన్నాను. ఆ తల్లి ఆవిణ్ణి కళ్లనీళ్లు కారుతుండగా తింటుంటే చూసింది. నేను చూడలేదు. అన్నిటికంటే దానికే నాకు ఎక్కువ కుళ్లు పుట్టింది. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే, అంతకాలం రోజూ నాకోసం ఆవిడ ఒకటి మానేస్తూ వచ్చిందన్న సంగతి కూడా తోచింది. రెండూ కలిసి ఉన్నాయి. విడదీయడం నాకు చేతకాలేదు.

మొన్నొక సాయంత్రం గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. నా వయసువాడే. తుని అవతల్నుంచి బస్సులు మారి వచ్చాడట.

"టీచరమ్మగారిల్లు ఇదేనాండీ?"

"ఇదే. ఆవిడ చనిపోయారండీ."

ఆయన చంకలో సంచీ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఫోటో పట్టుకుని రమ్మన్నారండి. ఒంట్లో బాగోలేదు, కాస్త తగ్గాక రమ్మన్నారు. ఇబ్బంది పెట్టకూడదని ఇన్నాళ్లు ఆగాను. మా అమ్మాయండి, కనపడకుండా పోయింది." మళ్లీ కాసేపటికి అన్నాడు, "నాకు ఆవిడ కావాలండి."

"నాకూ కావాలండీ" అన్నాను.

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆయన సంచీలోంచి ఫోటో తీసి మా ఇద్దరి మధ్య పెట్టాడు. ఆవిడ ఉంటే ఇప్పుడు దీని వంకే చూసేది, నా వంక చూసేది కాదు అనుకున్నాను. పదహారో పదిహేడో ఏళ్ల పిల్ల, రెండు జడలు, ఫోటోవాడు నవ్వమంటే నవ్వినట్టుంది. నది మీంచి గాలి లేచింది. ఫోటో ఎగిరిపోకుండా ఆయన ఒక చివర వేలు పెట్టాడు. రెండో చివర నేను పెట్టాను.