లెఫ్ట్ ఖాళీ అయితే రైట్ అనాలట!

మొన్న ఆదివారం నేను లారీ క్లీనరుగా ఉద్యోగంలో చేరాను. ఆ పూటతోనే ఆ ఉద్యోగం అయిపోయింది కూడా. నవ్వకండి, వరసగా చెబుతాను. మధ్యలో కాస్త దారి వివరాలు వస్తాయి, ఓపిగ్గా వినాలి. దారి అర్థం కాకపోతే నా అవస్థ అర్థం కాదు మరి.

మా అమ్మాయి సుజాత కంకిపాడులో ఉంటుంది. ఆ రోజు దాని కూతురికి ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం భోజనాలకి బంధుబలగమంతా దిగుతుంది. వంట మాత్రం మా ఊరి గుండిగల్లోనే జరగాలని సుజాత పట్టు. మాది మంగళగిరి పక్కన ఊరు. అక్కడ ఊరుమ్మడి వంటపాత్రలున్నాయి, మనిషి కూర్చుని స్నానం చేసేంత ఇత్తడి గంగాళాలు! వాటిలో వండిన పప్పుకి వేరే రుచి అని మా వాళ్ల నమ్మకం. అయితే ఒక కట్టుబాటుంది. పాత్రలు ఊరు దాటితే, వాటితోపాటు బాధ్యతగల మనిషొకరు వెళ్లాలి. మా ఇంట్లో వాళ్లంతా ముందురోజే కంకిపాడు వెళ్లిపోయారు. కాబట్టి ఆ బాధ్యతగల మనిషిని నేనే అయ్యాను.

లారీ మా మరిది కోటేశ్వరరావుది. సొంత లారీ, సొంత డ్రైవింగు. "కళ్లకి గంతలు కట్టినా కంకిపాడు చేరుస్తా వదినా!" అంటూ స్టూలు వేసి నన్ను క్యాబిన్లోకి ఎక్కించాడు.

"మరి నీ క్లీనరేడయ్యా?"

"వాళ్ల బావమరిది పెళ్లికి పోయాడు. ఏం పర్లేదు, ఆ పని మీరు చేద్దురుగాని."

ఇక్కడొక చిన్న పాఠం. లారీలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. అంత ఎత్తు మీంచి ఎడమ పక్కన ఆటో ఉందో, బైకుందో అతనికి సరిగా ఆనదు. అందుకని ఎడమ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి చూసి చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. ఎలా చెప్పాలన్న దగ్గరే వచ్చింది పేచీ.

"ఎడమ పక్క బండి ఉందనుకోండి, 'లెఫ్ట్ లెఫ్ట్' అని అరవండి. నేను ఇటు కుడికి తప్పుకుంటాను. ఖాళీగా ఉంటే 'రైట్ రైట్' అనండి. నేను ఎడమకి తిప్పుతాను."

"ఆగాగు. ఎడమకి వెళ్లొచ్చు అని చెప్పడానికి రైట్ అనాలా?"

"అవును."

"ఎడమకి వెళ్లొద్దు అని చెప్పడానికి లెఫ్ట్ అనాలా?"

"అదే కదా చెప్తున్నా!"

"కోటేశ్వరరావూ, అది తప్పయ్యా."

"టీచరుగారూ, రోడ్డు మీద అందరూ అంతే. బస్సు కండక్టరు రైట్ రైట్ అంటే డ్రైవరు కుడికి పోయి కాలవలో దూకుతాడా?"

నిజమే. కానీ ఉద్యోగమంతా లెఫ్టంటే ఎడమ, రైటంటే కుడి అని పిల్లల చేత చేతులెత్తించిన నోరు నాది. సరేనన్నాను గానీ, మనసు ఒప్పుకోలేదు.

హైవే ఎక్కాం. మా మరిది నడిమి లేన్ పట్టాడు. పట్టినవాడు వదలడే! వెనక కార్ల హారన్లు.

"పెద్ద బండివి, నిదానంగా పోయేవాడివి, ఎడమ లేన్లో ఉండాలి కదయ్యా. బోర్డు కూడా పెట్టారు చూడు."

"ఎడమ లేన్లో అన్నీ ఉంటాయి వదినా, రోడ్డు తప్ప. నడుమ ఉంటే ఎవరికీ అడ్డం ఉండం."

"నడుమ ఉంటే ఇద్దరికీ అడ్డం."

నా మాట కాదనలేక ఎడమకి మారాడు. కాసేపు హాయిగా సాగింది. నేను కొంచెం గర్వంగా కూడా కూర్చున్నాను. ఇంతలో ఎదురుగా, మా లేన్లోనే, గడ్డిమోపులేసుకుని ఒక ఆటో! రాంగ్ రూట్లో వస్తూ ఆ డ్రైవరే మమ్మల్ని "చూసుకోనక్కర్లా?" అని కసిరాడు. మా మరిది నావైపు చూసి, మళ్లీ నడిమి లేన్లోకి వెళ్లిపోయాడు. నేను బోర్డులు చదవడం మానేశాను.

కృష్ణ మీద వారధి దాటాం. ఇప్పుడు అసలు దారి. కంకిపాడు వెళ్లాలంటే బెంజ్ సర్కిల్ దగ్గర కుడికి తిరిగి బందరు రోడ్డు ఎక్కాలి. కానీ మన లేన్లోనే తిన్నగా పోతే ఫ్లైఓవర్ ఎక్కించేస్తుంది, సర్కిల్ కింద ఉండిపోతుంది. కాబట్టి కుడికి తిరగాల్సినవాడు ముందుగా ఎడమకి జరిగి, కింద సర్వీసు రోడ్డులో పోవాలి. అర్థమైందా? నాకూ మొదట కాలేదు లెండి.

"వదినా, ఎడమ పక్క ఏంటి?" అన్నాడు మరిది.

తొంగి చూశాను. కడిగిన పలకలా ఉంది రోడ్డు. ఒక్క పురుగు లేదు. చెప్పాల్సింది 'రైట్'. నోరు తెరిచాను. 'రై' దాకా వచ్చింది. ఎడమకి వెళ్లాల్సిన మనిషికి రైట్ అని ఎలా చెబుతాను? నోట్లోంచి ఏమొచ్చిందంటే:

"లెఫ్ట్! లెఫ్ట్! లెఫ్ట్!"

ఏ బస్సో వచ్చి ఆనుకుందనుకుని మా మరిది స్టీరింగు కుడికి తిప్పాడు. వెనక గంగాళాలు గుడిగంటల్లా మోగాయి. కళ్లు తెరిచి చూసేసరికి ఫ్లైఓవర్ ఎక్కేశాం.

అప్పుడే సుజాత ఫోను.

"ఎక్కడున్నారమ్మా?"

"బెంజ్ సర్కిల్ దగ్గరేనే."

"హమ్మయ్య! ఇంకెంత, వచ్చేసినట్టే."

"దగ్గరే అంటే... పైన."

"పైనేంటి?"

వెనకనుంచి వంటమేస్త్రి గొంతు వినబడుతోంది. "పప్పు కడిగి కూర్చున్నామండీ, దోసిట్లో వండమంటారా?" సుజాత గొంతులో ఏడుపు జీర. "అమ్మా, పెళ్లివారికంటే ముందొచ్చే రకం మా అత్తగారి వైపు చుట్టాలు. టిఫినుకే వచ్చేస్తామన్నారు. పొయ్యి మీద ఏమీ లేకపోతే నా పరువేం గాను?"

ఏలూరు వైపు రామవరప్పాడు దాకా పోయి వెనక్కి తిరిగాం. దారిలో నేను లోలోపల పశ్చాత్తాపపడుతున్నాను. మరిది పద్ధతి మరిదిది, నా పంతం వల్ల పిల్ల పరువు పోయేలా ఉంది. ఈసారి తప్పు చేయకూడదు. ఎక్కం వల్లించినట్టు వల్లించుకున్నాను. ఖాళీ అంటే రైట్, ఖాళీ అంటే రైట్.

ఇటునుంచి వచ్చేటప్పుడు కంకిపాడు దారి ఎడమకే. అంటే ఇక్కడా ఎడమకి జరగాలి, లేకపోతే మళ్లీ ఫ్లైఓవరే.

"వదినా, ఎటు?"

చూశాను. ఖాళీ! గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ఫస్టు బెంచీ పిల్లలా స్పష్టంగా చెప్పాను: "రైట్! రైట్!"

లారీ కుడికి తిరిగింది. ఫ్లైఓవర్ ఎక్కింది.

"అయ్యయ్యో, ఇదేంటయ్యా!"

"మీరే కదా రైట్ అన్నారు!"

"నేను నీ భాషలో అన్నాను!"

"నేను మీ భాషలో విన్నాను!"

పాపం, అతనూ దారంతా పశ్చాత్తాపమే పడ్డాట్ట. వదిన చదువుకున్న మనిషి, ఇక ఆవిడ లెఫ్టంటే లెఫ్టుకే, రైటంటే రైటుకే తిప్పుదామని మనసులో ఒట్టు పెట్టుకున్నాడట. ఇద్దరం మారాం. కాకపోతే ఒకేసారి మారాం. ఫ్లైఓవర్ మీంచి కిందికి చూస్తే బందరు రోడ్డు పటమట వైపుకి తీరుబడిగా పోతోంది. మేం మాత్రం వారధి మీదుగా మళ్లీ గుంటూరు వైపు, మా ఊరివైపే పోతున్నాం. కింద కృష్ణ. ఆవిడకి ఈ బాధలు లేవు, పాయలెన్నయినా అన్నీ సముద్రానికే.

మళ్లీ సుజాత.

"ఇప్పుడెక్కడ?"

"తాడేపల్లి."

సుజాత మెల్లిగా, "అమ్మా, నువ్వు బయల్దేరావా, ఇంకా బయల్దేరలేదా?" అంది.

నిజం చెప్పాను. విని, పెద్దగా నిట్టూర్చి ఫోను పెట్టేసింది.

యూటర్న్ తీసుకున్నాం. "కోటేశ్వరరావూ, ఇంగ్లీషు మానేద్దామయ్యా" అన్నాను. "బండి ఉంటే 'ఉంది' అంటాను. లేకపోతే 'లేదు' అంటాను. ఇద్దరం తెలుగువాళ్లం, తప్పిపోయే అవకాశం లేదు."

"అదేదో మంగళగిరిలోనే చెబితే అయిపోయేది కదా వదినా!"

వారధి దిగాం. కిటికీలోంచి సగం బయటికి వంగాను. "ఉంది... ఉంది... ఇంకా ఉంది... బస్సయ్యా, పెద్దది... ఉంది... లేదు! లేదు! లేదు!" ఎడమకి తిప్పాడు. ఫ్లైఓవర్ మా నెత్తి పక్కనించి పైకి పోయింది, మేం కిందే ఉన్నాం. ఇద్దరికీ ఎంత సంతోషమో! పక్కన సిగ్నల్లో ఆగిన బైకతను, ఈ పెద్దావిడ లారీలోంచి "లేదు లేదు" అని ఎందుకంత ఆనందంగా అరుస్తోందో తెలియక బిత్తరపోయి చూశాడు.

కంకిపాడు చేరేసరికి పందిట్లోంచి కమ్మటి సాంబారు వాసన. సుజాత చాలా తెలివైన పిల్ల. 'తాడేపల్లి' అన్న మాట చెవిన పడగానే పక్క వీధి షామియానా షాపునుంచి అల్యూమినియం డేగిసాలు అద్దెకి తెప్పించేసింది. పప్పయిపోయింది, కూరలయిపోయాయి. దాని అత్తగారి వైపు చుట్టాలు అప్పటికే రెండోసారి కాఫీ తాగుతున్నారు. పరువు దక్కింది.

మరి మా గంగాళాలు? అంత దూరం తెచ్చాం కదా అని వాటి నిండా నీళ్లు పోసి, చేతులు కడుక్కోవడానికి చెట్టు కింద పెట్టించింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "ముందు భోంచెయ్యమ్మా" అంది. అదే కాస్త కష్టంగా అనిపించింది.

భోజనాల దగ్గర నాకూ మా మరిదికీ ఎదురుగా సుజాత అత్తగారి అన్నయ్య కూర్చున్నారు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. మాట కలపాలని విస్తట్లో నెయ్యి వేయించుకుంటూ అడిగారు.

"అమ్మా, తమరు గుంటూరు వైపు నుంచి వచ్చారా, ఏలూరు వైపు నుంచా?"

మా మరిది ముద్ద మింగడం ఆపేశాడు. టీచరుగా చేసినదాన్ని, అడిగిన ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలి కదా.

"రెండు వైపుల నుంచీ వచ్చామండీ" అన్నాను. "గుంటూరు వైపు నుంచైతే రెండుసార్లు."