ఖలీల్ భాయ్‌తో ఇంకో పది స్వింగ్‌లు కొట్టించాను

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున పదింటికి నా కారు దిగి, గోల్ఫ్ బ్యాగ్ తగిలించుకుని తన ఇంట్లోకి నడిచి వెళ్లిన మనిషి మధ్యాహ్నం ఒంటిగంటకు లేడు.

ఫోన్ చేసింది వాళ్ల అబ్బాయి ఇమ్రాన్.
"చాచా, అబ్బా పోయిండ్రు" అన్నాడు.
"ఇప్పుడే కదరా దింపి వచ్చిన" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్లే లోపే అయిపోయిందట.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఖలీల్ భాయ్ మా పాశమైలారం మెషిన్ షాప్‌లో ఫోర్‌మన్. మూడేళ్ల కింద రిటైర్ అయ్యారు. నేను అక్కడే క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. మా పాత జీఎం గారికి గోల్ఫ్ పిచ్చి. ఆడటానికి తోడు కావాలి, మేమిద్దరం దొరికాం. ఆయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్తూ తన పాత కిట్ ఖలీల్ భాయ్‌కి ఇచ్చారు. దాంతోపాటు ఆ పిచ్చి కూడా అంటించి పోయారు.

"పాశమైలారపోళ్లకు గోల్ఫా?" అని నవ్వేవాళ్లు చాలామంది. నవ్వుకోనీ. మేం మాత్రం ఆదివారం తప్పలేదు.

నిజం చెప్పాలంటే ఖలీల్ భాయ్‌కి ఆటకన్నా వార్మప్ మీదే ప్రేమ ఎక్కువ.

షాప్‌లో పొద్దున మెషిన్ ఆన్ చేయగానే దాని మీద జాబ్, అంటే కోయాల్సిన ఇనుప ముక్క, ఎక్కించనిచ్చేవారు కాదు. పావుగంట మెషిన్ ఖాళీగా తిరగాల్సిందే. గోల్ఫ్‌కీ అదే రూల్. మన టైమ్‌కి నలభై నిమిషాల ముందే అక్కడుండాలి. ముందు నడక. తర్వాత క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను, భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నడుము తిప్పాలి. రెండు క్లబ్బులు కలిపి పట్టుకుని మెల్లగా స్వింగ్. ఆ తర్వాతే చిన్న చిన్న షాట్లు. దూరం కొట్టే పెద్ద క్లబ్, డ్రైవర్ జోలికి అన్నిటికన్నా చివర్లో పోవాలి.

ఒకసారి నేను ఇస్నాపూర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటయ్యాను. కారు దిగి నేరుగా మొదటి షాట్ కొట్టడానికి పరిగెత్తితే, నా చేతిలో క్లబ్ పట్టుకుని ఆపేశారు.

"మెషిన్‌కు పావుగంట ఇస్తవ్, నీ నడుముకు ఇయ్యవా? హోల్ పోతే పోనీ తియ్."

వెనకాలవాళ్లను ముందుకు పంపించి మరీ నాతో మొత్తం చేయించారు. ఆ రోజు మనసులో బాగా తిట్టుకున్నాను.

ఇంకోరోజు పెద్ద కారులో వచ్చిన ఒకాయన మా విన్యాసాలు చూసి, "స్కూల్ డ్రిల్లా?" అని నవ్వాడు. దిగీ దిగగానే డ్రైవర్ తీసి బలమంతా పెట్టి కొట్టాడు. బంతి పది అడుగులు పోయింది. నడుము పట్టేసి వంగిన మనిషి మళ్లీ నిటారుగా లేవలేకపోయాడు.

నేను పగలబడి నవ్వాను. ఖలీల్ భాయ్ నావైపు ఒక్క చూపు చూశారు, నా నవ్వు ఆగిపోయింది. ఆ కారాయన్ను మెల్లగా గడ్డి మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, అరగంట పక్కనే కూర్చున్నారు. ఆ రోజు మేం ఆడనేలేదు.

అలాంటి మనిషి.

ఇక నిన్నటి సంగతి. ఇది రాయకుండా ఉండలేను.

వార్మప్‌లోనే ఎడమ భుజం రుద్దుకుంటున్నారు. ఎండ ఇంకా ఎక్కనే లేదు, మొహం నిండా చెమట.

"ఏంది భాయ్?" అన్నాను.

"ఏం లేదు రా శీను. భుజం పట్టింది. ఒళ్లు ఇంక వేడెక్కలే."

నేనేమన్నానో తెలుసా?

"అయితే ఇంకో పది స్వింగ్‌లు కొట్టుండ్రి" అన్నాను.

ఇన్నేళ్లూ నాకు చెప్పిన మాట ఆయనకే తిప్పి చెప్పానని లోపల కాస్త గర్వం కూడా. పక్కన నిలబడి లెక్కపెట్టాను. పదీ కొట్టారు. "జెర నయమైంది" అన్నారు.

నాలుగు హోల్స్ ఆడాక, "ఇయ్యాల చాలు, ఇంటికి పోదాం" అన్నారు. ఎప్పుడూ ఆట మధ్యలో ఆపని మనిషి. అప్పుడైనా నాకు తట్టలేదు. హైవే మీద రెండు ఆస్పత్రుల ముందు నుంచే వచ్చాం. నేను కారు ఆపలేదు.

మాకు ఏ నొప్పి వచ్చినా మందు ఒకటే. ఒళ్లు వేడెక్కితే అదే పోతుంది. నడుముకైనా, మోకాలికైనా, మెడకైనా అది ప్రతిసారీ పనిచేసింది. అందుకే ఇంకో ఆలోచనే రాలేదు, ఆయనకూ నాకూ.

ఈరోజు సంగారెడ్డిలో జనాజాకు భుజం పట్టాను. అంతా అయ్యాక ఖబరస్తాన్ గేటు బయట ఇమ్రాన్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున అబ్బా మీతోని ఏమన్న చెప్పిండ్రా చాచా?"

ఏం చెప్పలేదని అనేయొచ్చు. ఎవరికి తెలుస్తుంది?

చెప్పేశాను. భుజం నొప్పి, చెమట, నేను కొట్టించిన పది స్వింగ్‌లు, అన్నీ. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్లకెళ్లి ఎల్లేటప్పుడు నాతోని గూడ గదే అన్నరు చాచా. నేనే నూనె వేడి చేసి, భుజానికి రాసి పంపిన."

ఇద్దరం ఆ గేటు దగ్గరే కూలబడి ఏడ్చాం.

దోస్తులారా, ఆడే ముందు వార్మప్ చేయండి. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ ఛాతీలోనో, భుజంలోనో, చేతిలోనో నొప్పి వచ్చి చెమటలు పడితే మాత్రం ప్లీజ్, నేరుగా హాస్పిటల్‌కి పోండి. పక్కవాడు "ఏం లేదు" అన్నా వినకండి. బలవంతంగా కార్లో వేసుకుని పోండి.

నన్ను మాఫ్ చేయండి ఖలీల్ భాయ్.

వెళ్లిరండి. ఏ నొప్పీ లేని చోట అల్లా మిమ్మల్ని చల్లగా చూసుకోవాలి.